పసుపు మందం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా షాపులో అందరికీ తెలుసు. షాపంటే కొట్టు కాదు. విజయనగరం నుంచి చీపురుపల్లి వెళ్లే రోడ్డు మీద, రేకుల షెడ్డులో నడిచే చిన్న ఫ్యాక్టరీ. అందులో పనిచేసే వాళ్లం మాత్రం షాపనే అంటాం. విమానం ఇంజన్‌లో తిరిగే టర్బైన్ బ్లేడ్లకి అక్కడ సాన పడతారు. సానపట్టినవి సరిగ్గా ఉన్నాయో లేదో కొలిచి చెప్పడం నా ఉద్యోగం.

ఈ ముక్క బంధువులకి చెప్పడం ఒక యజ్ఞం. ఒకసారి మా పిన్ని, "విమానం రెక్కలు కొలుస్తావేటే? నిచ్చెనెక్కి కొలుస్తావా?" అని అడిగింది. రెక్కలు కాదు పిన్నీ, ఇంజన్ లోపల ఒక చక్రం ఉంటుంది, దాని చుట్టూ వేలెడంత ఆకులు గుచ్చి ఉంటాయి, మండే గాలి వాటిని తోసుకుంటూ పోతే చక్రం తిరుగుతుంది, నేను కొలిచేది ఆ ఆకుల్ని అని ఓపిగ్గా చెప్పాను. అంతా విని, "అయితే ఫేను రెక్కలని సెప్పు" అని తేల్చేసి లేచిపోయింది. అప్పటి నుంచీ మా చుట్టాల్లో నేను ఫ్యాన్ల కంపెనీ అమ్మాయిని.

పోతపోసిన బ్లేడ్లు వేరే చోటు నుంచి మా దగ్గరికి వస్తాయి. బ్లేడు మొదలు చక్రం గాడిలోకి సరిగ్గా దిగాలి కదా, ఆ మొదలుని సానపట్టి ఇవ్వడం మా పని. మొదలు వెంట్రుక మందంలో కొద్ది వంతు వంకరగా తెగినా పైన కొస పక్కకి ఒరిగిపోతుంది. ఒరిగిన బ్లేడు ఇంజన్ గోడకి రాసుకుంటుంది. అలాంటిది ఒక్కటి నా చెయ్యి దాటి పోయిందంటే నాకు అన్నం సహించదు.

నా గది షెడ్డుకి ఒక మూల, అద్దాల తలుపు వెనక ఉంటుంది. ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకే చల్లదనం. మధ్యలో నున్నటి నల్లరాయి బల్ల, దాని మీద కొలత మిషను. మిషను చేతికి చివర చిన్న కెంపు గుండు ఉంటుంది. అది బ్లేడుని ఇక్కడా అక్కడా మెల్లగా తాకి, ఎక్కడ ఎంత ఉందో కంప్యూటరుకి చెబుతుంది. బయటి నుంచి తెచ్చిన బ్లేడు ఆ చల్లదనానికి అలవాటు పడేదాకా నేను కొలవను. మే నెలలో షాపులో జనమంతా ఏదో ఒక వంకతో నా గదిలోకి దూరబోతారు. వాళ్లని తరమడానికే దేవుడు నాకీ నోరిచ్చాడు.

నేను తరిమినా లెక్కచెయ్యని మనిషి ఒక్కరే, మా ఓనరు గారి తల్లి. మామ్మగారు ప్రతి శుక్రవారం ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ పట్టుకుని వచ్చి ఒక్కో మిషనుకీ బొట్టు పెడుతుంది. నాకు దాని మీద ఏ కోపమూ లేదు. మాది చేపల వాళ్ల ఇల్లు, పడవకి పసుపు కుంకుమ పెట్టకుండా నీళ్లలోకి దింపని ఇల్లు. కాకపోతే నా గదిలో పొడి రేణువు కూడా ఎగరకూడదు. అందుకని ఆవిడని తలుపు దగ్గరే ఆపేసేదాన్ని.

"ఏటే గుంటా, నీ మిషను ఏటి పాపం సేసింది? అన్నిటికీ బొట్టుండి దీనికి నేకపోతే ఎలగ?" అనేది. గుంటంటే మా వైపు ఆడపిల్ల.

"దీనికి బొట్టు పెడితే జబ్బు సేస్తాది మామ్మా" అనేదాన్ని నేను.

ఆవిడ మూతి ముడుచుకుని, అద్దం అవతల నిలబడే హారతి చూపించి వెళ్లేది.

కొలతల పిచ్చి నాకు మా అమ్మ నుంచి వచ్చింది. అమ్మ చాలా ఏళ్లు చీపురుపల్లి సంతలో చేపలు అమ్మింది. అప్పట్లో చేతి తక్కెడ. సంతలో చేపల మనిషిని నమ్మేవాళ్లు ఎవరు? కొనేవాడు వస్తూనే తక్కెడ ముల్లు వంక అనుమానంగా చూసేవాడు. అమ్మ ముందు తూకం రాయి తిరగేసి, అడుగున సీసం మీద తూనికల ఆఫీసు వాళ్లు కొట్టిన ముద్ర చూపించేది. అయినా నమ్మకపోతే, "పళ్లేలు మార్చి తూచు" అనేవాడు. చేప ఉన్న పళ్లెంలో రాయి, రాయి ఉన్న పళ్లెంలో చేప పెట్టి మళ్లీ ఎత్తాలన్న మాట. తక్కెడలో మోసం ఉంటే అది పళ్లెంతోనే ఉండిపోతుంది, చేపతో పాటు అటు పోదు. అమ్మ విసుక్కునేది, తిట్టేది, కానీ మార్చి తూచేది. పక్కన కూర్చుని ఈగలు తోలే నేను ముల్లు మధ్యలోకి వచ్చి నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

డిప్లొమా చదివి ఈ పనిలోకి వచ్చాక నాకు ఒక్కటే లోటు. కొలిచేది నేను, ముద్ర కొట్టేది ఇంకొకరు. విమానాల పనిలో ఒక్కో ఇన్‌స్పెక్టరుకీ ఒక్కో నంబరుతో చిన్న రబ్బరు ముద్ర ఉంటుంది. బ్లేడ్ల ట్రేకి కట్టిన చీటీ మీద ఆ ముద్ర పడితేనే అవి గుమ్మం దాటాలి. మా షాపులో ఎవరికీ ఆ ముద్ర లేదు. బయటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, నేను కొలిచిందంతా ఒకసారి తిరగేసి, తన ముద్ర కొట్టి, టీ తాగి వెళ్లేవాడు. ఆయన మంచివాడే. అయినా ఆయన ముద్ర పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ ముద్ర నాకు కావాలి. ఎందుకంటే గొప్పకే, దాచుకోవడం దేనికి?

ఆ అవకాశం కిందటి ఎండాకాలం వచ్చింది. ఒక పెద్ద ఇంజన్ కంపెనీ మాకు ఒక ట్రే బ్లేడ్లు పంపి, సానపట్టి కొలిచి చూపించమంది. వాళ్ల ఇన్‌స్పెక్టరు బెంగళూరు నుంచి వచ్చి చూస్తాడు. ఆయనకి నచ్చితే పని మాకు వస్తుంది, ముద్ర నాకు వస్తుంది. నచ్చకపోతే రెండూ లేవు.

ఈ పని కోసమే నల్లరాయి మీద బిగించడానికి ఒక కొత్త ప్లేటు తెప్పించారు. దాని మీద మూడు గుండ్రటి ఉక్కు బొడిపెలు ఉంటాయి. బ్లేడుని బిగించి పట్టుకునే దిమ్మ మూడు కాళ్లతో ఆ మూడింటి మీద కూర్చుంటుంది. ఒకసారి కూర్చోబెట్టాక దిమ్మని కదపం, బ్లేడ్లు మాత్రమే మారుస్తూ కొలుచుకుంటూ పోతాం. ప్లేటు వచ్చిన రోజు నేను మా పెదనాన్న కూతురి పెళ్లికి వెళ్లాను. ఓనరు గారే దగ్గరుండి దాన్ని బిగించి, దిమ్మ ఎక్కించి పెట్టారు. తిరిగొచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది కదా అని సంతోషించాను.

సానపట్టే ఆయన్ని షాపులో అందరం మావ అంటాం. నెత్తి నెరిసిన మనిషి, చేతిలో పని తప్ప నోట్లో మాట ఉండదు. ఆయన బ్లేడ్లన్నీ పూర్తిచేసి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు మర్నాడు వస్తాడనగా పొద్దున్నే కొలవడం మొదలుపెట్టాను. మొదటి బ్లేడు కొస పక్కకి ఒరిగినట్టు చూపించింది. ఒప్పుకునే హద్దు దాటిపోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ట్రేలో ఉన్నవన్నీ ఒకే వైపుకి, ఇంచుమించు ఒకే మేరకి ఒరిగాయి.

ఓనరు గారు కంప్యూటరు చూసి గట్టిగా నిట్టూర్చారు. "అన్నీ ఒకేలాగున్నాయంటే సానకాడ సెట్టింగు తప్పినట్టే కదమ్మా" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు, అలా జరగడం మామూలే.

మావ మొహం ఎర్రబడింది. "నా సెట్టింగు మారనేదు. నిన్న నాను సూసినాను, ఇయ్యాల సూసినాను" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

ఓనరు గారికి తొందర. బ్లేడు మొదట్లో ఇంకా కాస్త లోహం మిగిలి ఉంది, ఆ ఒరుగుకి సరిపడా ఇంకోసారి సానపట్టేస్తే కొలత దారిలో పడుతుంది, సాయంత్రానికల్లా అయిపోతుంది అన్నారు. మావని సానరాయి సిద్ధం చెయ్యమన్నారు. ఆయన మాట కాదనలేక మావ కదిలాడు.

తప్పు సానలో ఉండొచ్చు, నా కొలతలోనూ ఉండొచ్చు. కొలత తప్పయితే ఇవి మంచి బ్లేడ్లు. మంచి బ్లేడ్లని తప్పు కొలత చూసి అరగదీస్తే, అరిగింది మళ్లీ అతకదు. ట్రే మొత్తం తుక్కు. రేపు వచ్చే ఆయన తుక్కు చూసి వెళ్లిపోతాడు.

నేను ట్రే ఎత్తుకుని, గుండెకి ఆనించుకుని, నా గదిలో స్టూలు మీద కూర్చున్నాను.

"ఏటమ్మా ఇది? ఇలగ కూర్సుంటే పనెలగవుతాది?" అన్నారు ఓనరు గారు.

"నా కొలత తప్పు కాదని నాకు నమ్మకం కుదిరేదాకా ఈ ట్రే ఇవ్వను సార్."

"నీ మిషను అబద్ధం సెప్తాదేటి?"

"అది సెప్పదు సార్. దాని కింద ఏటున్నాదో అది సెప్తాది."

ఆయన గొంతు పెంచారు. నేనూ పెంచాను. బయట లేతు మిషన్ల దగ్గర ఉన్నవాళ్లు పని ఆపి అద్దంలోంచి చూస్తున్నారు. చివరికి ఆయన చేతులెత్తేసి, "భోజనాల దాకా టైము. ఆ తరవాత ట్రే మావకి ఇచ్చీయాల" అని విసురుగా వెళ్లిపోయారు.

ట్రే ఒళ్లో పెట్టుకుని నల్లరాయి వంక, దాని మీది దిమ్మ వంక చూస్తూ కూర్చున్నాను. అప్పుడు గుర్తుకొచ్చింది సంత. పళ్లేలు మార్చి తూచు.

లేచాను. దిమ్మలో బ్లేడుని బిగించి, బ్లేడుతో సహా దిమ్మని రెండు చేతులా పైకెత్తాను. నీళ్లు నిండిన బిందెంత బరువుంటుంది అది. మెల్లగా ఒక మెట్టు తిప్పి, ఇందాక ఒక బొడిపె మీద ఉన్న కాలు పక్క బొడిపె మీదకి వచ్చేలా కూర్చోబెట్టాను. బ్లేడే ఒరిగి ఉంటే, దిమ్మని ఎటు తిప్పినా ఆ ఒరుగు బ్లేడుతో పాటే రావాలి. తేడా కింద బొడిపెల్లో ఉంటే అది అక్కడే ఉండిపోతుంది, బ్లేడు ఇంకో వైపుకి ఒరిగినట్టు కనిపిస్తుంది. కంప్యూటరుకి కొత్త దిక్కు చెప్పి, మిషను నడిపించి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

బ్లేడు ఇంకో వైపుకి ఒరిగింది.

నేను అరిచిన అరుపుకి మావ సాన ఆపి పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు విప్పకుండా గదిలోకి వచ్చేశాడు, ఆ ఒక్కసారికి ఏమీ అనలేదు. ఇద్దరం కలిసి దిమ్మని దింపాం. పైకి చూస్తే మూడు బొడిపెలూ తళతళలాడుతున్నాయి. తెల్ల గుడ్డని స్పిరిట్‌లో తడిపి మొదటిదాన్ని తుడిచాను, గుడ్డ తెల్లగానే ఉంది. రెండోదీ తెల్లగానే ఉంది. మూడోదాన్ని గట్టిగా రుద్దేసరికి గుడ్డ మీద పచ్చటి మరక పడింది. వాసన చూశాను.

"మావా, పసుపు" అన్నాను.

మావ గుడ్డ తీసుకుని తనూ వాసన చూశాడు. "శుక్రోరం పసుపు" అన్నాడు. ఇద్దరం నవ్వడం మొదలుపెడితే ఆపుకోలేకపోయాం. ఆయన నవ్వు గోడకి చెయ్యి ఆనించి నిలబడేంత నవ్వు, కళ్ల నీళ్లు కూడా వచ్చాయి. పొద్దుట్నుంచీ ఆయన మీద పడిన నింద అది, నీళ్లు రాకేం చేస్తాయి.

బొడిపెలు శుభ్రం చేసి, దిమ్మ ఎక్కించి, ట్రేలో ప్రతి బ్లేడూ మళ్లీ కొలిచాను. కొసలన్నీ నిటారుగా నిలబడ్డాయి. ఒక్కటీ తప్పలేదు. ఓనరు గారు కొలతలు చూసి, గుడ్డ చూసి, తల పట్టుకున్నారు. ప్లేటు వచ్చింది శుక్రవారమట. పెట్టె విప్పి, బయట షెడ్డులో ఒక బల్ల మీద పెట్టి ఆయన ఫోను మాట్లాడుతుంటే, వాళ్లమ్మగారు వచ్చి మూడు బొడిపెలకీ తడి పసుపు రాసి బొట్లు పెట్టేసిందట. ఆయన చూసి, అమ్మని ఏమీ అనలేక, జేబురుమాలుతో గబగబా తుడిచేశారు. కుంకుమ కంటికి కనిపిస్తుంది గనక పోయింది. ఎండిన పసుపు ఉక్కుకి అంటుకుని ఒకదాని మీద ఉండిపోయింది.

మామ్మగారిని పిలిపించారు. ఆవిడ ఏమాత్రం తగ్గలేదు. "నాను కొత్త పొయ్యి అనుకున్నాను. మూడు రాళ్లుంటే పొయ్యి కాకేటి? పసుపెట్టకుండా కొత్త పొయ్యి మీద ఎసరు ఎవులెడతారు?" అని మమ్మల్నే నిలదీసింది. నేను వంగి ప్లేటు వంక చూస్తే, నిజంగా పొయ్యిలానే ఉంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, నవ్వని మనిషి. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడబోతే తడబడతాడు. పసుపు సంగతి ఎత్తొద్దని ఓనరు గారు నాకు కళ్లతో సైగ చేస్తూనే ఉన్నారు. ముద్ర అడుగుతున్న మనిషిని, కొలతలో వచ్చిన తప్పుని దాచి ఎలా అడుగుతాను? మొత్తం చెప్పేశాను. ఒరుగు, ట్రే పట్టుకుని కూర్చోవడం, దిమ్మ తిప్పడం, గుడ్డ మీద మరక, కొత్త పొయ్యి, అన్నీ. ఓనరు గారు పైకప్పు రేకులు లెక్కపెడుతూ నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు అంతా విని, తప్పు దొరికిందంటే సరిపోదు, దాన్ని మళ్లీ రప్పించి చూపించగలవా అని అడిగాడు. "ఆ అమ్మగారిని పిలవండి" అన్నాడు.

అలా మామ్మగారు నా గదిలోకి మొదటిసారి అడుగుపెట్టింది. ఇన్నేళ్లూ అద్దం అవతల నుంచి హారతి చూపించిన మనిషి, కాళ్లు కడుక్కుని, కొంగు నడుముకి దోపుకుని, పళ్లెం పట్టుకుని దొరసానిలా నడిచి వచ్చింది. నా పక్కన ఆగి, "ఇప్పుడెట్టమంటావా, వద్దంటావా? ఒక మాట మీద ఉండే" అంది. పెట్టమన్నాను. వేలితో పసుపు తీసి ఒక్క బొడిపెకి రాసింది. ఆరనిచ్చి, మొన్న ఆవిడ కొడుకు తుడిచినట్టే జేబురుమాలుతో తుడిచి, దిమ్మ ఎక్కించి కొలిచాను. కొస ఒరిగింది. దింపి, స్పిరిట్‌తో రుద్ది, మళ్లీ ఎక్కించి కొలిచాను. కొస నిటారుగా నిలబడింది. రమ్మంటే వచ్చింది తప్పు, పొమ్మంటే పోయింది. అద్దం బయట షాపంతా గుమిగూడి చప్పట్లు కొట్టింది. ఆ నవ్వని మనిషి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు.

"ఆయనేటంటన్నాడు?" అని మామ్మగారు నన్ను గిల్లింది.

"నీ పసుపు మంచిదంటన్నాడు" అన్నాను.

"కొమ్ములు ఇంట్లో దంచిన పసుపు మరి" అంది ఆవిడ.

ఆ తరవాత మావ తుక్కు ఇనుముతో మూడు బొడిపెల ప్లేటు ఒకటి తయారుచేసి నా తలుపు పక్కన గోడకి బిగించాడు. మామ్మగారు శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాస్తుంది. దిమ్మ ఎక్కించే ముందు స్పిరిట్‌తో తుడవడం, తిప్పి ఒకసారి కొలవడం మా షాపులో రూలు అయిపోయింది.

కొన్నాళ్లకి కొరియర్‌లో అగ్గిపెట్టెంత డబ్బా వచ్చింది. అందులో నా ముద్ర. సిరా అద్ది, ఆ ట్రే చీటీ మీదే మొదటిసారి కొట్టాను. మావ పక్కనే నిలబడి, "గట్టిగా కొట్టు కోడలా, సెరిగిపోకుండా" అన్నాడు. గట్టిగానే కొట్టాను. ఆ రోజు షాపులో నా అంత గొప్పవాళ్లు ఎవరూ లేరు, ఆ మాట నేనే అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. ముద్ర షాపు దాటించకూడదు గనక, చిత్తు కాగితం మీద దాని ఆకారం గీసి చూపించాను. అమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అంటే నా రాళ్లు సూసి ముద్ర కొట్టీవోరు, ఆల్ల లాగా నువ్వు?" అంది.

"ఆల్ల లాగే."

అమ్మ లేచి వంటగదిలోకి వెళ్లింది. ఎలక్ట్రానిక్ కాటా కొన్న నాటి నుంచి మేకుకి వేలాడుతున్న పాత తక్కెడ దించి, దుమ్ము దులిపి తెచ్చింది. ఒక కిలో రాయి, ఆ రోజు కూరకి ఉంచిన చేప నా ముందు పెట్టింది.

"అయితే సూడు. ఇన్నేళ్లూ సంతలో కొనీవోరందరూ నన్ను దొంగ అన్నారు. నువ్వు సూసి సెప్పు."

చేప కిలో కన్నా కాస్త తక్కువ తూగింది. ముల్లు సరిగ్గా మధ్యకి వచ్చేదాకా చేప పక్కన రెండు చిన్న ఉల్లిపాయలు వేశాను. అప్పుడు పళ్లేలు మార్చాను. రాయి అటు, చేప ఉల్లిపాయలు ఇటు. తక్కెడ ఎత్తి పట్టుకున్నాను. ముల్లు ఊగింది, ఊగింది, నిదానించింది, మళ్లీ సరిగ్గా మధ్యలోనే నిలబడింది. చిన్నప్పటిలాగే ఊపిరి బిగబట్టానని అప్పుడు తెలిసింది.

"తప్పు లేదమ్మా" అన్నాను.

"నాకు తెలుసు" అంది అమ్మ. తక్కెడ నా చేతిలోంచి లాక్కుని, పళ్లెంలో చేపతో సహా గుమ్మంలోకి వెళ్లి, ఎదురింటి ఆవిడ వినేలా, వీధి చివరి దాకా వినపడేలా కేకేసింది. "ఒసే, ఇన్నావేటే? నా తక్కెడలో తప్పు నేదంట! ఇమానాలు కొలిసీ మా గుంట సెప్పింది!"